కొత్త కారు కొన్నాక మనసు మారిందా? ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లే ముందు ఈ లెక్క వేయండి

నమస్కారం. కారు కొని కొన్ని నెలలే అయింది. కానీ ఎక్కిన ప్రతిసారీ "ఇది కాకుండా ఇంకోటి తీసుకోవాల్సింది" అనిపిస్తోంది. ఈఎంఐ కట్ అయిన మెసేజ్ చూస్తే టెన్షన్. ఎక్స్‌ఛేంజ్ చేసేద్దామా అన్న ఆలోచన పట్టుకుంది. మీరు ఈ స్థితిలో ఉంటే ఒక కాగితం, పెన్ను, మీ లోన్ స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుని చూడండి. ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ముందుగా ఆ కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాయండి: "ఈ కారు నాకు ఎందుకు నచ్చడం లేదంటే..." అని మొదలుపెట్టి పూర్తి చేయండి. కావాలంటే వీడియో ఆపి రాయండి.

రాశారా? మీరు రాసింది కారులో ఉన్న ఇబ్బందా, డబ్బు ఇబ్బందా, లేక వేరే కారుతో పోల్చుకోవడం వల్ల వచ్చిన బాధా? ఎందుకు అడుగుతున్నానంటే, ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

పోలికతో వచ్చిన బాధ అయితే కొంచెం ఆగండి. పెద్ద నిర్ణయం తీసుకున్న వెంటనే వదులుకున్న దానిలోని మంచి, ఎంచుకున్న దానిలోని లోపం రెండూ పెద్దవిగా కనిపించడం మనిషి మనసుకు సహజం. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లోనే దీని గురించి వివరంగా రాశారు. చాలామందిలో ఈ గుబులు కొన్నాళ్లకు తగ్గిపోతుంది. ఈలోగా ఆ రెండో కారు రివ్యూలు రోజూ చూస్తూ కూర్చుంటే మాత్రం తగ్గదు. కొన్నాళ్లు అవి చూడటం మానేయండి. ఆ తర్వాత కూడా మీరు రాసిన వాక్యం అలాగే నిలబడితే, అప్పుడు దాన్ని పట్టించుకోవాలి.

కారులోనే ఇబ్బంది ఉందంటారా? అమ్మకానికి పెట్టే ముందు కొన్ని చూసుకోండి. "గతుకుల్లో బాగా కుదుపుతోంది" అనే ఫిర్యాదు తరచూ వింటాం. ఒక్కోసారి కారణం టైర్లలో గాలే. ఫ్యాక్టరీ నుంచి కార్లను తరలించేటప్పుడు గాలి ఎక్కువ కొట్టి పంపుతుంటారు. డెలివరీకి ముందు దాన్ని తగ్గించాలి, కానీ కొన్నిసార్లు మర్చిపోతారు. డ్రైవర్ తలుపు తీస్తే ఆ ఫ్రేమ్ దగ్గర ఎంత గాలి ఉండాలో చూపే స్టిక్కర్ సాధారణంగా ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు కొలిచి ఆ స్టిక్కర్‌తో సరిచూడండి. నడుం నొప్పి వస్తుంటే సీటు ఎత్తు, వీపు వాలు, స్టీరింగ్ ఎత్తు మూడింటినీ మొదటి నుంచి సెట్ చేసుకోండి. లేన్ దాటినప్పుడల్లా వచ్చే బీప్ చిరాకు పెడుతుంటే, చాలా కార్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని తగ్గించుకోవచ్చు. చిన్న పనులే. కానీ వీటికి దాదాపు ఖర్చు లేదు, కారు మార్చడానికి చాలా ఖర్చు ఉంది.

అసలు లోపమే ఉంటే, అంటే గేర్‌బాక్స్‌లో శబ్దమో, మళ్లీ మళ్లీ వెలిగే వార్నింగ్ లైటో అయితే, అది వారంటీలో తేలాల్సిన విషయం. సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన ప్రతిసారీ సమస్యను మీ మాటల్లో జాబ్ కార్డులో, అంటే బండికి చేయాల్సిన పనులు వాళ్లు రాసుకునే కాగితంలో, రాయించండి. దాని కాపీ దాచుకోండి. లోపం ఉన్న కారును తక్కువ ధరకు వదిలించుకుంటే ఆ నష్టం మీరు మోసినట్టే. అది తయారీదారు మోయాల్సిన భారం.

ఇక డబ్బు లెక్క. వీడియోలో ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడకుండా చూడండి.

స్క్రీన్ మీద చూపిస్తున్నాను. మీ కారు మొత్తం ధర 100 అనుకుందాం. చేతి నుంచి 10 కట్టారు, 90 లోన్ తీసుకున్నారు. ఏడాదికి 9 శాతం వడ్డీ, 5 ఏళ్ల గడువు. ఈఎంఐ సుమారు 1.87 వస్తుంది. 6 నెలల్లో మీరు కట్టింది 11.2. మరి లోన్ ఇంకా ఎంత మిగిలింది? 82.7. అంటే కట్టిన 11.2లో అసలు తగ్గింది 7.3 మాత్రమే, మిగతాదంతా వడ్డీ. మొదటి నెలల్లో బాకీ పెద్దది కాబట్టి వడ్డీ వాటా కూడా పెద్దదిగానే ఉంటుంది.

ఇప్పుడు కారు విలువ చూద్దాం. కొత్త కారు విలువ అన్నిటికంటే వేగంగా పడేది మొదటి ఏడాదిలోనే. రిజిస్ట్రేషన్, పన్నుల కింద కట్టింది చాలావరకు తిరిగి రాదు. దీనికి తోడు ఇంకో కారణం ఉంది. కొన్ని నెలలకే అమ్మకానికి వచ్చిన కారును చూడగానే కొనేవాళ్లకు "ఇందులో ఏదో లోపం ఉండి ఉంటుంది" అన్న అనుమానం వస్తుంది. మీ కారు ఎంత బాగున్నా ఆ అనుమానం ఖరీదు మీరే చెల్లిస్తారు. ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్లనే ఉదాహరణగా తీసుకుని ఇదే చెప్పారు. లోపం ఉందో లేదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అందుకే మంచి బండికి కూడా ధర రాదు.

మన ఉదాహరణలో ఎక్స్‌ఛేంజ్ కింద 75 ఇస్తామన్నారు అనుకోండి. బాకీ 82.7. తేడా 7.7 మీరు జేబులోంచి పెట్టాలి. ముందుగా లోన్ ముగించినందుకు బ్యాంకు ఛార్జీ ఏదైనా ఉంటే అది అదనం.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. "ఆ 7.7 గురించి కంగారు పడకండి, కొత్త లోన్‌లో కలిపేస్తాం" అంటారు షోరూం వాళ్లు. వినడానికి హాయిగా ఉంటుంది. అదే వడ్డీకి 5 ఏళ్లు సాగదీస్తే ఆ 7.7 చివరికి 9.6 అవుతుంది. మీ దగ్గర లేని కారుకి ఐదేళ్లు వాయిదాలు కడుతున్నట్టు. పైగా కొత్తగా తీసుకున్న కారు కూడా తన మొదటి ఏడాదిలోకి అడుగుపెడుతుంది, అంటే ఆ పెద్ద పతనం మళ్లీ మొదటి నుంచి. దయచేసి ఈ మాటకు ఒప్పుకోకండి. తేడాను చేతి నుంచి కట్టలేకపోతే, ఇప్పుడు కారు మార్చే సమయం కాదని నా అభిప్రాయం.

మీ కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చిన ఈ రోజు బాకీ, ఈ రోజు మీ కారుకి నిజంగా వచ్చే ధర, కొత్త కారు చేతికి రావడానికి అయ్యే మొత్తం. మీరు మొదట ఎంత పెట్టి కొన్నారో అక్కడ రాయకండి. "అంత పోసి కొన్నాను కదా" అన్న బాధ న్యాయమైనదే. కానీ ఉంచుకున్నా, మార్చినా ఆ డబ్బు వెనక్కి రాదు. కాబట్టి ఈ లెక్కలో దానికి చోటు లేదు.

మరి ఎవరు మార్చాలి? ఈఎంఐ వల్ల ఇంటి ఖర్చులకే కటకటగా ఉంటే, మార్చండి. కానీ ఎక్స్‌ఛేంజ్‌లో ఇంకో కొత్త కారు కోసం వెళ్లకండి. ఉన్నది నేరుగా అమ్మి, బాకీ తీర్చి, చౌకైన పాత కారుకి దిగండి. ఆ మొదటి పతనాన్ని ఇంకొకరు భరించిన కారు అది. సీటు ఎంత సర్దినా నొప్పి తగ్గకపోయినా, ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కి దిగలేకపోతున్నా కూడా మార్చడం సబబే. రోజూ వాడే వస్తువు ఒంటిని బాధపెడుతుంటే నష్టానికైనా వదులుకోవచ్చు. రంగు, సన్‌రూఫ్, పక్కింటివాళ్ల మోడల్ లాంటివి మీ కారణమైతే ఉంచుకోండి. ఏళ్లు గడిచే కొద్దీ విలువ పడే వేగం తగ్గుతుంది, బాకీ కూడా త్వరత్వరగా కరుగుతుంది. ఓ దశలో కారు ధర బాకీని దాటుతుంది. ఆ రోజు మార్చుకుంటే ఇంత దెబ్బ ఉండదు.

మార్చాలనే తేల్చుకుంటే, షోరూంలో ఎక్స్‌ఛేంజ్ మాట ముందే ఎత్తకండి. కొత్త కారు చివరి ధర కాగితం మీద రాయించుకున్నాకే పాత కారు సంగతి తీయండి. లేదంటే పాత కారుకి ఎక్కువ ఇస్తున్నట్టు చూపించి, కొత్త దానిమీద ఇచ్చే తగ్గింపును కోసేస్తారు. అంతకుముందే బయట రెండు మూడు చోట్ల కారు చూపించి ధర తెలుసుకోండి. నేరుగా అమ్మితే సాధారణంగా కాస్త ఎక్కువే వస్తుంది, ఓపిక మాత్రం కావాలి.

బేరం కుదిరాక లోన్ ముగిసినట్టు బ్యాంకు నుంచి పత్రం తీసుకోండి. కారు కొత్త యజమాని పేరు మీదికి మారినట్టు రుజువు మీ చేతికి వచ్చేదాకా మీ ఇన్సూరెన్స్ రద్దు చేయకండి.