గేర్ మార్చేటప్పుడు చెయ్యి ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. రోడ్డు సైకిల్ కొనేవాళ్లు నల్లగొండలో ముందు అడిగేది గేర్లెన్ని అని. గేర్ మార్చేటప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో చూసుకోండి అంటాను నేను.

పాత రేసు సైకిళ్లకు లీవర్లు ఫ్రేమ్ కింది గొట్టానికి ఉండేవి. ఒక చెయ్యి వదిలి, వంగి, చైన్ చప్పుడు వింటూ సరిచేసుకోవాలి. 1984లో జపాన్ కంపెనీ షిమానో, డ్యూరా-ఏస్ అనే తన రేసు గేర్ల సెట్‌తో, క్లిక్కుకో గేర్ పడే పద్ధతి తెచ్చింది. 1990లో ఆ లీవర్‌నే బ్రేక్‌లో కలిపేసింది. శ్రీశైలం డ్యామ్ వైపు దిగే ఘాట్ మలుపుల్లో, ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు, బ్రేక్ మీద వేళ్లు తీయకుండా గేర్ మార్చగలగడం చిన్న సంగతి కాదు.

షిమానోలో బ్రేక్ లీవరే పక్కకు కదులుతుంది. ఇటలీ కంపెనీ కాంపాగ్నోలోలో అది కదలదు, లోపలివైపు బొటనవేలికి వేరే మీట ఉంటుంది. నాకు అదే ఇష్టం, కానీ స్పేర్లు మన దగ్గర ఎక్కడ దొరకాలి! అమెరికా కంపెనీ స్రామ్ చేసే డబుల్‌ట్యాప్ రకానికి ఒకటే మీట: కొంచెం నొక్కితే బరువు గేర్, ఇంకా లోపలికి నెడితే తేలిక గేర్. చివరి తేలిక గేర్‌లో ఉన్న సంగతి మరచి ఎత్తు ఎక్కేటప్పుడు మళ్లీ నెట్టారా, తేలిక కావాల్సింది బరువు గేర్ పడుతుంది. అక్కడే కాళ్లు పడిపోతాయి.

షిమానో వాడేవాళ్లు లీవర్ మీది రబ్బరు తొడుగు ఎత్తి చూస్తుండండి. గేర్ కేబుల్ లీవర్ లోపల మలుపు తిరిగే చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. గేర్ ఆలస్యంగా పడుతోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. వెనక గేర్ కేబుల్ పూర్తిగా తెగితే చైన్ వెనక పళ్ల చక్రాల్లో అన్నిటికంటే చిన్నదాని మీదికి జారుతుంది, అంటే అన్నిటికంటే బరువు గేర్. దేవరకొండ, డిండి మధ్య అలా ఆగితే ఏం చేస్తారు? వెనక డిరేలర్ (చైన్‌ను ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మీద హెచ్ అని ఉన్న స్క్రూ బిగించండి, చైన్ కొంచెం పెద్ద చక్రం మీద నిలబడుతుంది. ఇల్లు చేరొచ్చు. తెగిన ముక్క లీవర్‌లో ఇరుక్కుంటే మాత్రం టెన్షనే, దాన్ని లాగడానికి ఓపికున్న మెకానిక్ కావాలి.

అందుకే ఒంటరిగా దూరం పోయేవాళ్లకు హ్యాండిల్ చివర ఉండే లీవర్లు మంచివంటాను. క్లిక్కులు ఆపేసుకునే వీలున్న రకమైతే, డిరేలర్ వంగినా అంచనాతో నడిపేయొచ్చు.

ఎలక్ట్రానిక్ రకంలో, 2009 నాటి షిమానో డీఐ2 అయినా 2015లో వచ్చిన స్రామ్ వైర్‌లెస్ అయినా, తెగడానికి గేర్ కేబులే లేదు. చార్జింగ్ చూసుకోవాలి, ధర భరించాలి.

బయట మూడు రకాల సైకిళ్లు స్టాండ్ మీద ఉన్నాయి. పెడల్ చేత్తో తిప్పుతూ మార్చి చూడండి, ప్రశ్నలు అక్కడే అడగండి.