పట్టినంత మాత్రాన పనిచేయదు: గేమింగ్ కంప్యూటర్ భాగాల ఎంపిక

అందరికీ నమస్కారం.

తిరుపతిలో సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలనుకునేవాళ్లు కొన్ని భాగాలు ఇక్కడే కొంటారు, కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు, మిగిలినవాటికి చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్తారు. ఎక్కడ కొన్నా, సీలు తీసిన ప్రాసెసర్‌ను మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకునే దుకాణం అరుదు. కాబట్టి లెక్కంతా డబ్బు కట్టకముందే కాగితం మీద తేలిపోవాలి.

అసలు పట్టని భాగాల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. డీడీఆర్4 ర్యామ్‌ను డీడీఆర్5 స్లాట్‌లో పెట్టబోతే గాటు కలవదు, అక్కడే ఆగిపోతారు. డబ్బు ఇరుక్కుంటుంది గానీ ఏదీ కాలదు. చిక్కంతా చక్కగా పట్టేసి పనిచేయని వాటితోనే. ఈ రోజు ఎక్కువగా వాటి గురించే చెప్తాను.

ప్రాసెసర్, మదర్‌బోర్డు దగ్గర మొదలుపెడదాం. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. ఏఎండీలో ఏఎమ్4 సాకెట్‌కు డీడీఆర్4, 2022లో వచ్చిన ఏఎమ్5కు డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలకు సరిపోతుంది. అయితే ఆ సాకెట్‌తో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. బోర్డు మీది నియంత్రణ చిప్ అయిన చిప్‌సెట్ పేరొక్కటే చూసి ర్యామ్ కొనేయకండి, బోర్డు పూర్తి మోడల్ పేరు చూడండి. కోర్ అల్ట్రా 200 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు సాకెట్టే వేరు, ఎల్‌జీఏ 1851.

సాకెట్ కలిసినా బయాస్ కలవాలి. ఆన్ చేయగానే భాగాలను గుర్తుపట్టి నడిపించే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామే బయాస్. ఏఎమ్5 సాకెట్ ఉన్న బీ650 బోర్డులు ఏఎండీ రైజెన్ 9000 ప్రాసెసర్ల కంటే ముందు వచ్చాయి. దుకాణంలో చాలాకాలం పడి ఉన్న బోర్డులో పాత బయాస్ ఉంటే కొత్త ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైటు నుంచి ఫైలు దించి, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి బటన్ నొక్కాలి. లైటు మెరవడం ఆగేదాకా కరెంటు పోకూడదు, అందుకే యూపీఎస్ మీద పెట్టి చేయండి. ఆ బటన్ లేని బోర్డయితే బిల్లు వేసే ముందే దుకాణంలో అప్‌డేట్ చేయించుకోండి.

గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు చాలామంది గిగాబైట్లు చూస్తారు, లేన్లు చూడరు. లేన్లంటే కార్డుకు డేటా వచ్చిపోయే దారులు, పీసీఐఈ 3.0, 4.0 అన్నవి ఆ దారి తరాలు, 4.0 వేగం ఎక్కువ. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ స్లాట్ నిండుగా కనిపించినా వాడేది 4 లేన్లే. పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే వేగం బాగా పడిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060కు 8 లేన్లు, నష్టం తక్కువ. ఇంకో మెలిక ఏమిటంటే ఏఎమ్4 బీ550 బోర్డు 4.0 ఇచ్చేదే అయినా, దాని మీద రైజెన్ 5 5500 పెడితే కార్డుకు అందేది 3.0 మాత్రమే, ఎందుకంటే ఆ లేన్లు వచ్చేది ప్రాసెసర్ నుంచి. ఆ తేడాకు ఇంకాస్త డబ్బు పెట్టి 5600 తీసుకోవడం మేలు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికీ, రైజెన్ 5 5600, 7500ఎఫ్ లాంటివాటికీ సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడైతే, మార్చేదాకా తెర చీకటే.

ర్యామ్ ఒకే 32 జీబీ కంటే 16 జీబీవి రెండు మంచిది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టండి. పక్కపక్కన పెట్టినా కంప్యూటర్ ఆన్ అవుతుంది, కానీ సాధారణంగా ఒకే చానల్‌తో, అంటే ర్యామ్‌కు ఉన్న రెండు దారుల్లో ఒక్కదానితోనే నడుస్తుంది. ‘తర్వాత ఇంకో రెండు చేర్చుకుందాం’ అనే లెక్క ఏఎమ్5లో వేసుకోకండి. నాలుగు పెడితే రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600కు పడిపోతుంది. కొన్న 6000 వేగం రావాలంటే బయాస్‌లో ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు. అది ర్యామ్‌ను సరిచూసుకునే సమయం, కంగారుపడి ఆపేయకండి.

ఇక భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. డబ్బు మిగుల్చుకోవాలని అందరూ మొదట కత్తెర వేసేది ఇక్కడే, వేయకూడనిదీ ఇక్కడే. ఆర్‌టీఎక్స్ 4060కు 115 వాట్లు, రైజెన్ 5 7600కు గరిష్ఠంగా 88, మిగతా బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీలకు ఓ 60. మొత్తం 260 దాటి కొంచెం. మంచి కంపెనీ 550 వాట్లది హాయిగా చాలు, 850 అక్కర్లేదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లను నమ్మకుండా పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల ఆంపియర్లు చూడండి. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు. 550 అని రాసి 12 వోల్టుల మీద 30 ఆంపియర్లే ఉంటే, మీ కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి దక్కేది 360 వాట్లే. ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే గోల్డ్, బ్రాంజ్ గుర్తులు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తాయి, లోపలి సరుకు నాణ్యతకు హామీ కావు.

ఊడదీసి పెట్టుకునే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే పాతదాని కేబుల్ కొత్తదానికి ఎప్పుడూ వాడకండి. బోర్డు వైపు, డిస్క్ వైపు పిన్నుల వరుసకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. ప్లగ్ చక్కగా పడుతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు రావాల్సిన తీగలో 12 వోల్టులు వచ్చి ఎస్‌ఎస్‌డీ మాడిపోతుంది. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్ల మధ్య కూడా ఈ తేడా ఉండొచ్చు.

మన ఎండలకు క్యాబినెట్ ముందు భాగం జాలీ ఉన్నదే తీసుకోండి. మే నెలలో గది 40 డిగ్రీలుంటే 25 డిగ్రీల గదిలో చేసిన యూట్యూబ్ పరీక్షలకు సుమారు 15 కలుపుకుని చదవాలి. అద్దం ముఖం అందంగా ఉంటుంది, గాలి రాదు. కొలతలు కూడా చూడండి. కార్డుకు 330 మిల్లీమీటర్ల చోటుందని రాసినా, ముందు వాటర్ కూలర్ రేడియేటర్ బిగిస్తే 27, దాని ఫ్యాన్‌కు 25, మొత్తం 52 పోతాయి. ప్రాసెసర్ మీద నిలువుగా నిలిచే టవర్ కూలర్లు చాలావరకు 155 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, సన్నటి క్యాబినెట్‌కు పక్క తలుపు మూసుకోదు.

అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్ గోడలో బాగానే దూరుతుంది, లోపల ఎర్త్ తీగ ఉందో లేదో అది చెప్పదు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ లోహానికి సుమారు 115 వోల్టులు చేరి, ముట్టుకుంటే చిమచిమలాడుతుంది. కరెంటు తక్కువే గానీ, యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ కేబుళ్లు గుచ్చేటప్పుడు పోర్టులు దెబ్బతినగలవు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించాకే కంప్యూటర్ పెట్టండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లదాకా ఇవ్వగలదు. ఇందాకటి కంప్యూటర్‌కు మానిటర్ కలిపినా సరిపోతుంది, అయితే ఆట సేవ్ చేసి ఆపేసేంత సేపే.

బిగించేటప్పుడు నేరుగా క్యాబినెట్‌లోకి ఎక్కించకండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ పెట్టి, సొంత గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అయితే కార్డు కూడా పెట్టి ఆన్ చేయండి. చాలా బోర్డుల మీద ప్రాసెసర్‌కు సీపీయూ, ర్యామ్‌కు డీర్యామ్, గ్రాఫిక్స్ కార్డుకు వీజీఏ, డిస్క్‌కు బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి అక్కడే నిలిచిపోతే వెతకాల్సింది అక్కడే. మీలో ఎవరైనా భాగాల లిస్టు రాసుకొచ్చి ఉంటే పైకి చదవండి, ఒక్కొక్కటే చూద్దాం.