మరి సాయంత్రం ఎవరితో మాట్లాడాలి?

పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ టైము తక్కువ. వెనక వరుసల్లో పిల్లలున్నారు, నాకు వాళ్ళతోనే పని.

కౌన్సెలర్‌గా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. పదిహేడేళ్ళ కుర్రాడు. ఎంత తాగినా పడిపోడని స్నేహితులు వాడికి 'ట్యాంకర్' అని పేరు పెట్టారు. చదువులో, ఆటల్లో రాని పేరు తాగితే వచ్చింది. చికిత్స అయి ఇంటికెళ్ళే రోజు ఆ స్నేహితుల నంబర్లన్నీ దగ్గరుండి తీయించాను. ఫోన్లో నాలుగే మిగిలాయి: అమ్మ, నాన్న, అక్క, నేను. "మరి సాయంత్రం ఎవరితో మాట్లాడాలి సార్?" అన్నాడు. పుస్తకాలు చదువుకోమన్నాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మూడు వారాలకే మళ్ళీ తాగాడు.

టీనేజ్ పిల్లలు మానేశాక మళ్ళీ తాగేది చాలావరకు స్నేహితుల మధ్యనే. పరిశోధకులు ఎప్పుడో గమనించిన సంగతిది. అందుకే స్నేహితుల్ని వదిలేయమంటాం. సరే, వదిలేశాడు. అక్కడ వాడు ట్యాంకర్. బయటికొచ్చాక ఎవడు? తల్లిదండ్రులూ, మిమ్మల్నే అడుగుతున్నాను. "మావాడు తాగుడు మానేశాడు" అని చుట్టాలందరికీ చెప్పుకుంటుంటే వాడికి ఇంకో పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

1935లో, తాగుడు మానేసి నెలలే అయిన బిల్ విల్సన్‌కి అమెరికాలోని అక్రన్‌ ఊళ్ళో ఒక హోటల్లో ఉండగా మళ్ళీ తాగాలనిపించింది. తనలాంటి ఇంకొకరి కోసం వరసగా ఫోన్లు చేశాడు. అలా దొరికిన డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరి కథ ఒకరికి చెప్పుకునే సంఘమది. ఆయన వెతుక్కున్నదీ ఒక మనిషినే. కానీ ఉద్యోగం పోయిందనీ, కాపురం చెడిందనీ చెప్పుకునే పెద్దల మధ్య పదహారేళ్ళ పిల్లాడు కూర్చుంటే తన కథ ఏం వినిపిస్తుంది? వాడికి ఈడువాళ్ళు కావాలి.

మార్క్ లిట్ అనే పరిశోధకుడి బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం పెద్దవాళ్ళ మీద చేసిందే, అయినా నేను మర్చిపోలేను. తాగని మనిషి ఒక్కరు తోడైతే, మరుసటి ఏడాది తాగకుండా ఉండే అవకాశం 27 శాతం పెరిగింది. ఒక్కరు!

మా కుర్రాడు రెండోసారి ఇంటికెళ్ళినప్పుడు, ఆటకి మనిషి తక్కువైతే క్లాస్‌మేట్ ఒకడు గేటు ముందు నిలబడి వాణ్ణి అసలు పేరుతో గట్టిగా పిలిచేవాడు. వాడు చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తేవాడట.

ఇప్పుడు ఇంటికెళ్ళే ప్రతి ఒక్కరికీ కాగితం ఇచ్చి, సాయంత్రం ఫోన్ చేయగలిగిన ఒక్కరి పేరు రాయమంటాను. మొన్న ఒక అమ్మాయి అరగంట కూర్చుని ఖాళీ కాగితం తిరిగిచ్చింది. ఇదిగో, నా జేబులోనే ఉంది. బాబులూ, అమ్మాయిలూ, రేపు మీ క్లాసుకి అలాంటివాళ్ళు తిరిగొస్తే కాస్త జరిగి పక్కన చోటివ్వండి.