ఫ్లాష్‌ని చంపింది స్టీవ్ జాబ్స్ కాదు, 1009!

ఆగండి, అప్పుడే కామెంట్‌లో "స్టీవ్ జాబ్స్" అని కొట్టేయకండి. 2010 ఏప్రిల్‌లో ఆయన బహిరంగ లేఖ రాశాడు, ఐఫోన్‌లో ఫ్లాష్‌కి (బ్రౌజర్‌లో యానిమేషన్లు, గేములు ఆడించిన సాఫ్ట్‌వేర్) చోటు లేదన్నాడు, 2020 డిసెంబర్ 31తో ప్లేయర్‌కి సపోర్ట్ ఆగిపోయింది. తెలుసండీ! ఎన్నేళ్లుగానో అందరిదీ ఇదే పాట. నేననేది ఏంటంటే, ఆ లేఖ వచ్చేసరికే ఫ్లాష్ కొన ఊపిరితో ఉంది. దాన్ని ఆ స్థితికి తెచ్చింది ఒక నంబర్. ఎర్రర్ 1009.

నవ్వకండి, చెప్తాను.

ఫ్లాష్‌లో కోడ్ రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్, దాని రెండో వెర్షన్ నాటి రోజులు గుర్తు తెచ్చుకోండి. బొమ్మ గీశారు, మూవీ క్లిప్ (కోడ్‌తో ఆడించగల బొమ్మ) చేశారు, లైబ్రరీలో "హీరో" అని పేరు పెట్టారు. కోడ్‌లో హీరోని పరిగెత్తమన్నారు. వాడు కదలడు. ఎందుకంటే లైబ్రరీలో పేరు వేరు, స్టేజ్ మీద పెట్టిన దాని కాపీకి ఇచ్చే ఇన్‌స్టన్స్ పేరు వేరు. ప్రాపర్టీస్ ప్యానెల్‌లో ఆ చిన్న గడి ఖాళీగా ఉంది! ఫ్లాష్ ఒక్క ముక్క చెప్పిందా? గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది. కానీ మిగతాదంతా ఆడుతూనే ఉంది. మేఘాలు కదులుతున్నాయి, బటన్ మెరుస్తోంది, మ్యూజిక్ వస్తోంది. అందుకే మీరూ వదల్లేదు. వెతికారు, వెతికారు, తెల్లవారుజామున దొరికింది. ఆ కిక్కే వేరు!

2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో యాక్షన్‌స్క్రిప్ట్ 3 దిగింది. 2007లో బొమ్మలు గీసి కోడ్ రాసే టూల్ ఫ్లాష్ సీఎస్3తో మన చేతికొచ్చింది. వస్తూనే ఏం చేసింది? బటన్ మీదే కోడ్ రాసుకునే "ఆన్ రిలీజ్" పీకేసింది. బొమ్మలు గీసేవాళ్లు ప్రోగ్రామింగ్‌లోకి దూరిన దొడ్డిదారి అది, దానికి తాళం పడింది!

ఆ తర్వాత 1009. "కెనాట్ యాక్సెస్ ఎ ప్రాపర్టీ ఆర్ మెథడ్ ఆఫ్ ఎ నల్ ఆబ్జెక్ట్ రిఫరెన్స్." ఏదో ఖాళీగా ఉందట. ఏది? చెప్పదు! ఆ లైన్‌లో చుక్కలు పెట్టి కలిపిన పేర్లు నాలుగుంటే నాలుగింటినీ మీరే అనుమానించాలి. పబ్లిష్ సెట్టింగ్స్‌లో "పర్మిట్ డీబగ్గింగ్" టిక్ పెడితే కానీ లైన్ నంబర్ కూడా రాదు. ప్లేయర్ 9లో అయితే ఇంకా ఘోరం. "గో టు అండ్ స్టాప్ 5" (ఐదో ఫ్రేమ్‌కి వెళ్లి ఆగు) అంటారు, వెంటనే ఐదో ఫ్రేమ్‌లోని టెక్స్ట్ బాక్స్‌లో రాయబోతారు. బాక్స్ ఎదురుగానే ఉంది కదా అనుకుంటారు. కోడ్‌కి మాత్రం అది ఇంకా పుట్టలేదు! 1009.

ఇక్కడో పిట్టకథ. ఆల్ఫాకి (బొమ్మ ఎంత గాఢంగా కనపడాలో చెప్పే విలువ, 0 అంటే మాయం, 1 అంటే పూర్తిగా) 0.9 ఇచ్చి ట్రేస్ చేయండి, అంటే ఆ విలువని తిరిగి రాయించి చూడండి. వచ్చేది 0.8984375! లోపల ఆల్ఫాని 256 మెట్లుగా లెక్కేస్తుంది, మీ 0.9ని 230వ మెట్టు మీద కూర్చోబెట్టింది. సున్నా దగ్గర మొదలుపెట్టి ఫ్రేమ్‌కి 0.001 చొప్పున పెంచి చూడండి, ఆ బొమ్మ ఈ జన్మలో కనపడదు. మీరు కలిపింది కలిపినట్టే ప్రతి ఫ్రేమ్‌లో కోసి పారేస్తుంది. బొమ్మ ఎక్కడుందో చెప్పే ఎక్స్, వైలదీ ఇదే గోల, పిక్సెల్‌లో ఇరవయ్యో వంతే కనిష్ఠం. ఫ్రేమ్‌కి 0.02 కలిపితే బొమ్మ అంగుళం కదలదు. మందు సింపుల్, అసలు విలువని మీ సొంత వేరియబుల్‌లో పెంచుకుంటూ పోయి, దాన్ని ఆల్ఫాకి ఇవ్వండి. అయినా చూశారా? నిజంగా అరవాల్సిన ఈ చోట యాక్షన్‌స్క్రిప్ట్ 3 కూడా నోరు మెదపదు!

"ఎర్రర్ చూపిస్తే మంచిదే కదా అన్నా" అంటారు. ఇంజనీర్‌కి మంచిదే బాబూ! ఫ్లాష్‌ని నిలబెట్టింది ఇంజనీర్లా? పిల్లి బొమ్మ గీసి, దాన్ని గెంతించాలని రాత్రంతా కూర్చున్నవాళ్లు! మామూలు ప్లేయర్‌లో చూసేవాడికి ఆ ఎర్రర్ కనపడను కూడా కనపడదు. తప్పులు చూపించే డీబగ్ ప్లేయర్ వేసుకున్న పాపానికి, చేసినవాడి మొహం మీదే ఆ బాక్స్ పడేది.

ఇంకో సాక్ష్యం కావాలా? బ్రౌజర్‌లో పాత ఫ్లాష్‌ని బతికించే రఫుల్ ఉంది కదా, అందులో కూడా ముందు బాగా ఆడినవి యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 ఫైళ్లే. మూడో వెర్షన్‌కి వంతు వెనకాల వచ్చింది.

మీ మొదటి 1009 దేని మీద వచ్చిందో కింద రాయండి. జాబ్స్ అని రాసినవాళ్లకి రిప్లై ఇవ్వను.