సీజన్ డెకరేషన్లు: చేసిన రోజు కాదు, నెల తర్వాత ఎలా ఉన్నాయో చూద్దాం

హాయ్ అందరికీ! సీజన్ మారినప్పుడల్లా ఇంట్లో చేత్తో చేసుకునే డెకరేషన్ వీడియోలు వరదలా వచ్చి పడతాయి కదా, అన్నీ చేసిన రోజు సూపర్‌గానే ఉంటాయి, ఎందుకుండవు, ఇంకా గ్లూ కూడా ఆరి ఉండదు. నేనివాళ రివ్యూ చేసేది ఆ మొదటి రోజు లుక్ కాదు. నెల పోయాక అది గోడ మీద ఏ మొహంతో వేలాడుతోంది, అదీ పాయింటు.

ముందు ఈ రింగ్ చూడండి. తలుపుకి తగిలించేది, వైర్ రింగ్, చుట్టూ జనపనార తాడు, అంతే. నా ఓటు దీనికే, ఎందుకంటే ఏడాదంతా ఇదే ఉంటుంది, పైన కట్టేవి మాత్రమే మారతాయి. వసంతంలో పూలు, ఆకురాలే టైమ్‌లో ఆకులు, చలికాలంలో పైన్ కోన్లు, అంటే పైన్ చెట్టుకి కాసే చెక్క కాయలు. కాకపోతే ఒక్క కండిషన్, దీని మీద గ్లూ గన్ వాడొద్దు. అందరూ అదే వాడతారు, తెలుసు, టక్కున అతుక్కుంటుంది కాబట్టి. కానీ ఆ గ్లూ స్టిక్ వేడికి కరిగే ప్లాస్టిక్కే కదండీ, ఎండ గట్టిగా కొట్టే తలుపు మీద మళ్లీ మెత్తబడి ఒక్కోటీ జారిపోతుంది, పోనీ జారకుండా గట్టిగా ఉందా, సీజన్ అయ్యాక పీకాలంటే తాడు కూడా ఊడొస్తుంది. సన్న తీగతో కట్టేయండి, విప్పడం రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఆకులు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువమంది వదిలేసేది దీన్నే. రంగు మారిన ఆకులు ఏరుకొచ్చి డైరెక్ట్‌గా కట్టేస్తే వారం తిరిగేలోపు అంచులు ముడుచుకుపోయి, చెయ్యి తగిలితే పొడైపోతాయి. ఆకులో నీళ్లు పోతాయి, వాటి ప్లేస్‌లోకి ఇంకేదీ రాదు, అందుకే. గ్లిజరిన్ పద్ధతి చేసేది ఆ ప్లేస్ నింపడమే. గ్లిజరిన్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, వెడల్పాటి ట్రేలో పోసి ఆకులు పరిచి, తేలకుండా పైన ఇంకో ట్రే బరువు పెట్టి మూడు నాలుగు రోజులు వదిలేయడం, మందంగా ఉన్న ఆకులైతే వారం దాకా. తర్వాత తీసి టిష్యూతో తుడిచేస్తే చాలు. నీళ్లు ఆరిపోతాయి, గ్లిజరిన్ ఆకులోనే ఉండిపోతుంది.

కెమెరా దగ్గరికి తెస్తా, చూడండి. వేలికి చుట్టేశా, విరిగిందా? ఈనె దగ్గర కూడా చిట్లలేదు. పట్టుకుంటే పల్చటి తోలు ముక్కలా ఉంది. మైనస్ కూడా చెప్పేస్తా, రంగు ఒక షేడ్ ముదురుతుంది, ఆ మండిపోయే ఎరుపు అలాగే కావాలనుకుంటే మాత్రం నిరాశే. ఇంకోటి, కింద పడి కరకరలాడుతున్న ఆకు దీనికి పనికిరాదు, అది తాగదు. రంగు తిరిగి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కోసుకోవాలి. మైనం కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేసే పద్ధతి కూడా ఉంది, పావుగంటలో అయిపోతుంది, కానీ ఆకు మీద తెల్లటి పొర కప్పినట్టుంటుంది, నాకైతే నచ్చలేదు.

పైన్ కోన్లు ఫ్రీగా దొరికితే కళ్లు మూసుకుని తెచ్చుకోండి. తడి తగిలితే పొలుసులన్నీ మూసుకుపోతాయి, ఆరితే మళ్లీ విచ్చుకుంటాయి, ఎందుకంటే ఆ పొలుసులో రెండు పొరలుంటాయి, తడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ. అంటే వాన జల్లు పడే చోట తగిలించి, మర్నాడు మూసుకుపోయిందేంటి అని కంగారు పడొద్దు, అది బాగానే ఉంది. లోపల పురుగులుంటాయని భయమైతే అవెన్‌లో 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచండి, అక్కడే నిలబడి చూస్తూ ఉండాలి సుమా, జిగురున్న చెక్క కదా, నిప్పంటుకోవచ్చు.

చలికాలానికి పేపర్ స్నోఫ్లేక్. ఖర్చు లేదు, ఒక కాగితం, ఒక కత్తెర. కానీ చాలా వీడియోల్లో ఎనిమిది కొసలవి చేసేస్తున్నారు, చూడ్డానికి బాగుంటుంది గానీ మంచు రేకకి ఉండేది ఆరే. 1611లోనే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఎప్పుడూ ఆరే ఎందుకని రాసుకుంటూ కూర్చున్నాడు, అసలు కారణం తర్వాత తెలిసింది, మంచులో నీటి అణువులు షడ్భుజాకారంలో అమరుతాయి. 1885లో అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి తన మొదటి మంచు రేక ఫోటో తీశాడు, తర్వాత 5000 పైనే తీశాడు. డిజైన్ ఐడియాలు కావాలంటే అవి వెతికి చూడండి, ఏ టెంప్లేటూ అక్కర్లేదు.

మడత ఇలా. చదరం కాగితం, మూల నుంచి మూలకి మడిస్తే త్రికోణం, దాన్ని ఇంకోసారి సగానికి. ఇప్పుడు కాగితం మధ్య భాగం ఒక కొసలోకి వచ్చింది కదా, ఆ కొస పట్టుకుని మూడు సమాన భాగాలుగా మడవాలి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. చేతిలో 12 పొరలొస్తాయి. పైన తోకల్లా పొడుచుకొచ్చింది కత్తిరించేసి, తర్వాత మీ ఇష్టం. మందం కాగితం తీసుకోకండి, 12 పొరల్లో కత్తెర జారిపోతుంది, మామూలు ప్రింటర్ పేపర్ కంటే పల్చగా ఉంటే ఇంకా హాయి. నెల తర్వాత కూడా ఇది అలాగే ఉంది, ఫుల్ మార్కులు.

దీనికి అన్నలాంటిది బోరాక్స్ స్నోఫ్లేక్, అదే వెలిగారం. మరిగే నీళ్లలో కరిగించి, ఊలు చుట్టిన తీగ ముక్కని రాత్రంతా వేలాడదీస్తే పొద్దున్నకి గాజు ముక్కల్లాంటి స్ఫటికాలు. మొదటి రోజు దీన్ని కొట్టేది లేదు, ఒప్పుకుంటా. కానీ పొడి గదిలో స్ఫటికంలో ఉన్న నీళ్లు మెల్లగా పోయి మెరుపు పోతుంది, పైన తెల్లగా పొడి పొడిగా తయారవుతుంది. పైగా కడుపులోకి వెళ్తే మంచిది కాదు, చిన్న పిల్లలు గానీ, పిల్లి గానీ, కుక్క గానీ ఉన్న ఇంట్లో నేనైతే చేయమని చెప్పను.

నొక్కి ఎండబెట్టిన పూల ఫ్రేమ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పల్చటి పూలు, పీల్చుకునే కాగితం, పైన బరువు, రెండు నుంచి నాలుగు వారాల ఓపిక. గుత్తి పూలు, మందం రేకులున్నవి గోధుమరంగుకి తిరిగిపోతాయి. ఎండ పడే గోడ మాత్రం వద్దు, రంగంతా వెలిసిపోతుంది.

లాస్ట్‌ది సీసాలో లైట్ల దండ. ఎండాకాలం సాయంత్రాలకి బాల్కనీలో భలే ఉంటుంది, ఎల్ఈడీ కాబట్టి సీసా వేడెక్కదు కూడా. కానీ కొనేటప్పుడు వెనక ఏ బ్యాటరీ ఉందో చూడండి, ప్లీజ్. సీఆర్2032 లాంటి బిళ్ల బ్యాటరీ అయితే, మూత స్క్రూతో బిగించేది కాకపోతే, పిల్లలున్న ఇంటికి వద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా చాలు, నొప్పి అంటారేమోనని చూస్తూ కూర్చోకుండా వెంటనే హాస్పిటల్‌కి. పెన్సిల్ సెల్స్ పట్టే బాక్స్ ఉన్నవి దొరుకుతాయి, కాస్త లావుగా ఉంటుంది, సీసా వెనక దాచేయొచ్చు, వెలుతురు కూడా ఎక్కువ రోజులొస్తుంది.

రింగ్‌కి తీగ కట్టే చోట క్లోజప్ కావాలంటే కామెంట్‌లో అడగండి, విడిగా పెడతా. ఉంటా మరి, బై!