చారల చొక్కాకు మార్కులు ఎవరు వెయ్యాలి?

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం. బహుమతుల సభ కాబట్టి "ఆటలు, పిల్లల క్రమశిక్షణ" గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పొద్దున్నుంచీ మైదానంలో మన పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. వాళ్లకు చెప్పాల్సిందేమీ నాకు కనిపించలేదు. చెప్పాల్సింది గీతకు ఇవతల కుర్చీల్లో కూర్చున్న మనకే ఉంది.

నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు, ఆగస్టు నెలాఖరు నుంచి నవంబరు దాకా శుక్రవారం సాయంత్రాలు నేను ఎవరింటి పూజకీ, పుట్టినరోజుకీ రాను. ఆట తీర్పులు చెప్పేవాళ్ల చారల చొక్కా వేసుకుని ఈ చుట్టుపక్కల ఏదో ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ మైదానంలో ఉంటాను. బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అన్నమాట. మీలో కూడా చాలామంది ఆ స్టేడియాలకు వస్తారు. అబ్బాయి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు, అమ్మాయి డ్రిల్ టీములో ఉంటుంది. ఇక్కడ ఈ ఆట అంటే ఏమిటో కొత్తగా వచ్చినవాళ్లకు ఒక్క ముక్క చెబుతాను. మన టెక్సస్‌లోనే, పక్కనున్న అలెన్‌లో హైస్కూల్ పిల్లల ఆట కోసం 6 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టారు, 2012లో. అంత డబ్బు, అంత జనం, అంత అరుపు. ఆ మధ్యలో ఈల పట్టుకుని ఐదుగురం.

ఐదుగురం ఏం చేస్తామో తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. తెల్ల టోపీ ఆయన రిఫరీ, బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ వెనక నిలబడతాడు. అంపైర్ అటువైపు, డిఫెన్స్ మధ్యలో ఉంటాడు. ఇద్దరం రెండు పక్క గీతల మీద, ఒకాయన వెనక లోతున. బంతి కదలకముందే ఎవరు ఏ ఆటగాళ్లను చూడాలో పంచుకుంటాం. స్టాండ్‌లో జనమంతా బంతిని చూస్తారు. బంతి ఒక్కటే చూసేవాడు మా పనికి పనికిరాడు. ముందు వరసలో ఎదుటివాళ్లను అడ్డుకునే గార్డు చేతులు ఎక్కడున్నాయి, అతని పక్కనుండే టాకిల్ ముందే కదిలాడా, పాస్ గాల్లో ఉండగా డిఫెండర్ ఆ పాస్ అందుకోబోయే రిసీవర్‌ని లాగాడా, ఇదీ మా చూపు. ఈల విషయంలోనూ అంతే. కుప్పగా పడిన పిల్లల కింద బంతి ఎవరి చేతిలో ఉందో కంటితో చూశాకే ఊదాలి. తొందరపడి ఊదిన ఈలను వెనక్కి తీసుకోలేం.

ఇందుకు చదువుంది, ఏటా పరీక్ష ఉంది. దేశంలో చాలా రాష్ట్రాలు జాతీయ హైస్కూల్ సమాఖ్య నిబంధనలతో ఆడతాయి. టెక్సస్ మాత్రం కాలేజీ నిబంధనలు తీసుకుని, వాటికి యూఐఎల్ (ఇక్కడి స్కూల్ ఆటల పోటీలు నడిపే సంస్థ) చేసుకున్న కొన్ని మార్పులతో ఆడుతుంది. కొత్తగా చేరినవాడు ఏడో తరగతి పిల్లల ఆటలతో మొదలుపెట్టి, జేవీ, అంటే హైస్కూల్ రెండో జట్ల ఆటలు చేసి, ఆ తర్వాతే శుక్రవారం రాత్రికి వస్తాడు.

ఇక మార్కుల సంగతి. మమ్మల్ని ఎవరు అంచనా వేస్తారు? ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల అనుభవం ఉన్న పాత రిఫరీలు పరిశీలకులుగా వచ్చి కూర్చుంటారు. కొన్నిచోట్ల ఆట వీడియో చూసి, తప్పు కనిపించి మేం వేసిన ప్రతి పసుపు జెండాకూ మార్కు వేస్తారు. చాలాచోట్ల ఇప్పటికీ ఆడిన రెండు జట్ల కోచ్‌లే మార్కులు వేస్తారు. ఆ మార్కుల మీద సీజన్ చివర ఎవరికి ప్లేఆఫ్ (నాకౌట్) ఆట వస్తుంది, ఎవరు ఇంట్లో కూర్చుంటారు అనేది ఆధారపడుతుంది. ఓడిన కోచ్ కూడా వేస్తాడండి. ఆ రాత్రే, కోపం చల్లారకముందే వేస్తాడు. పరీక్ష హాల్లో స్లిప్పులతో పట్టుబడిన కుర్రాడు ఇన్విజిలేటర్‌కి మార్కులు వేస్తే ఎలా ఉంటుంది?

నాకు జరిగింది చెబుతాను. ఏ స్కూలో, ఏ ఊరో చెప్పను. మూడో క్వార్టర్. నేను పక్క గీత మీదున్నాను. పరుగు నా వైపే వచ్చింది. సరిగ్గా బంతి పట్టుకున్న కుర్రాడు మలుపు తిరిగే చోట, అతనికి దారి చెయ్యాల్సిన టైట్ ఎండ్ ఎదుటి కుర్రాడి భుజం దగ్గర జెర్సీ పిడికిట్లో పట్టుకుని పక్కకు లాగాడు. ఆ సందులోంచే పరుగు చివరి గీత దాటి టచ్‌డౌన్ దాకా వెళ్లింది. ఆ లాగుడు లేకపోతే ఆ సందు లేదు. జెండా వేశాను. టచ్‌డౌన్ పోయింది, 10 గజాల పెనాల్టీ వచ్చింది. నా వెనక బెంచీ మీదున్న అరుపు మీరు ఊహించుకోండి. స్టాండ్‌లోంచి ఒక తండ్రి నా రంగు గురించి, నా దేశం గురించి అన్న మాట, ఇక్కడ పిల్లలున్నారు, చెప్పను. ఆట అయ్యాక ఆ జట్టు కోచ్ నుంచి కాగితం వచ్చింది. తీర్పులో అడుగు మార్కు. పరుగెత్తడంలో అడుగు మార్కు. మాటతీరులోనూ అడుగు మార్కు. నేను ఆయనతో ఆ రాత్రంతా "అవును కోచ్", "లేదు కోచ్" తప్ప మరో మాట మాట్లాడలేదు.

వారం చివర మా చాప్టర్‌లో, అంటే మాలాంటి తీర్పరుల స్థానిక సంఘంలో, వీడియో వేశారు. అరుపులు లేవు, స్కోరు బోర్డు లేదు. పెద్దాయన ఒకరు ఆ ఆటను ముందుకూ వెనక్కూ ఎన్నోసార్లు తిప్పి, "పిడికిలి చూడండి, భుజం తిరగడం చూడండి, సరైన కాల్" అన్నారు. ఆ మాట ఏ ఫారంలోకీ ఎక్కలేదు. కోచ్ మార్కు మాత్రం ఎక్కింది.

నా బాధ నా మార్కు గురించే అనుకోకండి. కోచ్‌కి కనిపించనిది ఎంత ఉందో చూడండి. బంతి కుడివైపు పోతుంటే ఎడమవైపు ఎక్కడో ఒక కుర్రాడు మరో కుర్రాణ్ణి పట్టుకున్నాడనుకోండి. దాంతో ఆటకు లాభమూ లేదు, నష్టమూ లేదు. మంచి అంపైర్ జెండా తియ్యడు. పక్కకు వెళ్లి "బాబూ, చేతులు లోపల పెట్టు" అని మెల్లగా చెబుతాడు. ఆ కుర్రాడు మళ్లీ చెయ్యడు. రాత్రంతా ఇలాంటి మాటలు ఎన్నో చెబుతాం. ఈల మోగాక ఇద్దరు పిల్లలు ఛాతీలు తోసుకుంటుంటే మధ్యలోకి వెళ్లి నిలబడతాం. వీటికి ఏ కోచ్ కాగితంలోనూ గడి లేదు. అలాగే పంట్, అంటే బంతిని కాలితో దూరంగా తన్నినప్పుడు దూరాన వీపు మీద తోసిన తోపు ఎవరూ అరవకుండా పోతుంది, వీడియోలో దొరుకుతుంది. అరుపు లేనిచోట కూడా పొరపాటు పట్టుకునేదే అంచనా.

మన శనివారం క్రికెట్ లీగుల్లో ఏం జరుగుతోందో కూడా అడుగుతాను, ఏమీ అనుకోకండి. చాలా ఆటల్లో బ్యాటింగ్ జట్టువాళ్లే అంపైరింగ్ చేస్తారు. ఎల్బీడబ్ల్యూ ఇస్తే సొంత జట్టులోనే మాటలు మానేస్తారు. పోయిన నెల మన వాళ్లే ఇద్దరు ఒక వైడ్ కోసం కార్ పార్కింగ్ దాకా పోట్లాడుకుంటూ వచ్చారు. వాళ్ల పిల్లలు పక్కనే ఉన్నారు. అక్కడి నుంచి శుక్రవారం స్టేడియానికి వెళ్లి మనం ఎవరికి ఏం నేర్పుతాం?

ఇది గిట్టక జనం వెళ్లిపోతున్నారు. 2018-19 తర్వాత దేశం మొత్తం మీద అన్ని ఆటల్లో కలిపి దాదాపు 50,000 మంది హైస్కూల్ అఫీషియల్స్, అంటే మాలాంటి తీర్పరులు, మానేశారని 2022లో జాతీయ సమాఖ్యే చెప్పింది. 2017లో 17,000 మందికి పైగా అఫీషియల్స్‌ని అడిగితే, ఎక్కువ గొడవ ఎవరితో అన్నదానికి నూటికి దాదాపు 40 మంది చెప్పిన జవాబు కోచ్‌లు కాదు, ఆటగాళ్లు కాదు. తల్లిదండ్రులు. మనం. మనుషులు చాలక చాలాచోట్ల శుక్రవారం ఆటలు గురువారానికి జరుపుతున్నారు. 2015లో మన టెక్సస్‌లోనే, మార్బుల్ ఫాల్స్‌లో, ఇద్దరు ఆటగాళ్లు పరుగున వచ్చి అంపైర్‌ని వెనక నుంచి గుద్దారు. ఆయన ఆటను చూస్తున్నాడు, వెనక్కి చూడలేదు. ఆ వీడియో దేశమంతా చూసింది. ఆ సంగతి మాట్లాడినవాళ్లలో చాలామంది ఆ పిల్లల గురించే మాట్లాడారు. అంపైర్ ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉందో నేను ఆలోచిస్తుంటాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క విషయం చెప్పనివ్వండి సార్, దీనికోసమే వచ్చాను.

కోచ్ మాట వినవద్దని నేననను. ఆయన ప్రతి వారం మమ్మల్ని చూస్తాడు, ఆయనకు తెలిసింది ఆయనకుంది. కానీ మార్కు ఆ రాత్రి వెయ్యకూడదు. ఎలాగూ వారాంతంలో స్కూళ్లన్నీ ఆట వీడియో ముక్కలు చేసి చూస్తాయి. చూశాకే వెయ్యమనండి. తక్కువ మార్కు వేస్తే, ఆటలో ఏ చోట తప్పు జరిగిందో ఆ వీడియో ముక్క జతచెయ్యమనండి. ముక్క లేకపోతే ఆ మార్కు లెక్కలోకి రాకూడదు. దానిమీద కోచ్ ఒకరు, మైదానంలో పాతికేళ్లు తిరిగిన పరిశీలకుడు ఒకరు సంతకం పెట్టాలి. ఇందుకు కొత్తగా డబ్బు అక్కర్లేదు. వీడియో ఉంది, కంప్యూటర్లున్నాయి, ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది ఆ ఫారం ఒక్క సాయంత్రంలో తయారుచెయ్యగలరు.

మన ఇంటి పన్నుతో నడిచే స్కూళ్లండి ఇవి. స్కూల్ బోర్డు సమావేశానికి ఎవరైనా వెళ్లి మైకు ముందు నిలబడి మాట్లాడవచ్చు. నేనొక్కణ్ణే వెళితే చారల చొక్కావాడు తన గోడు చెప్పుకున్నాడంటారు. బ్యాండు పిల్లల అమ్మలు, నాన్నలు వచ్చి అడిగితే వింటారు. వచ్చే సమావేశానికి నాతో ఎవరొస్తారు? చేతులెత్తండి. అమ్మా, మీరు? అన్నయ్యా? వెనక వరసలో బాబాయిగారూ, మీరు ఎత్తిన చెయ్యి దించకండి, పేరు రాసుకోవడానికి మా అబ్బాయి వస్తున్నాడు.