చీఫ్స్ కొత్త స్టేడియం: మనల్ని ఎవరూ అడగలేదు

నమస్తే అండీ. నేను కాన్సాస్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి మాట్లాడుతున్నాను. చీఫ్స్ అంటే మా కాన్సాస్ సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. ఆదివారం వాళ్ల మ్యాచ్ ఉందంటే మా ఇంట్లో వేరే పని జరగదు. మా పిల్లలకు ఆ జట్టు స్టార్ ఆటగాడు ప్యాట్రిక్ మహోమ్స్ అంటే ప్రాణం. అందుకే ఈ మాటలు చెప్పడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

2025 డిసెంబర్ 22న చీఫ్స్ జట్టు పక్క రాష్ట్రం మిస్సోరి వదిలేసి మన కాన్సాస్‌కి వస్తున్నామని ప్రకటించింది. వయాండాట్ కౌంటీలో పైకప్పుతో కొత్త స్టేడియం కడతారట. అంచనా 300 కోట్ల డాలర్లు. అందులో 60 శాతం ప్రజల సొమ్ము, అంటే 180 కోట్లు. 2031 సీజన్‌కి రెడీ కావాలి. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఒలేతలో ట్రైనింగ్ సెంటర్ పెడతారు. వాట్సాప్ గ్రూపుల్లో అందరూ సంబరపడ్డారు, ఇళ్ల ధరలు పెరుగుతాయని.

కాస్త వెనక్కి వెళ్దాం. ఇప్పుడున్న యారోహెడ్ స్టేడియం 1972లో మొదలైంది. దాని సొంతదారు మిస్సోరిలోని జాక్సన్ కౌంటీ, అంటే అక్కడి జనం. 2006లో వాళ్లు ఓటు వేసి, ఆ స్టేడియాన్నీ పక్కనే ఉన్న బేస్‌బాల్ స్టేడియాన్నీ బాగు చేయించడానికి అదనపు సేల్స్ ట్యాక్స్‌కి ఒప్పుకున్నారు. వంద డాలర్ల కొనుగోలు మీద ముప్పై ఏడున్నర సెంట్లు. 2024 ఏప్రిల్ 2న, దాని స్థానంలో అంతే పన్ను ఇంకో 40 ఏళ్లు కడతారా అని మళ్లీ అడిగారు. చీఫ్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచి రెండు నెలలు కూడా కాలేదు. ఊరంతా ఎర్ర చొక్కాలే. అయినా 58 శాతం మంది వద్దన్నారు. ఆ జట్టంటే ఇష్టం లేక కాదండీ, లెక్క నచ్చక.

మూడు నెలలు తిరక్కుండానే కాన్సాస్ శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి, స్టేడియం ఖర్చులో 70 శాతం దాకా బాండ్లతో ఇచ్చేలా చట్టం మార్చింది. మరుసటి ఏడాది మిస్సోరి 50 శాతం ఇస్తానంది. ఉద్యోగాల కోసం ఒకరి కంపెనీలను ఒకరు లాక్కోవద్దని 2019లో రాజీపడిన రాష్ట్రాలే ఇవి! పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందంటారు కదా, లాభపడింది జట్టు ఓనర్లే. చివరికి మన వైపు శాసనసభ నాయకుల చిన్న కమిటీ ఒకటి ఆమోదం తెలిపింది. మన దగ్గర జనాన్ని ఓటు అడగలేదు.

ఆ బాండ్లను స్టార్ బాండ్లంటారు, అంటే సేల్స్ ట్యాక్స్‌తో తీర్చే అప్పుపత్రాలు. వాటి సంగతి జాగ్రత్తగా వినండి. ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తారు. అక్కడ ఇప్పుడు వస్తున్న సేల్స్ ట్యాక్స్‌ని మొదటి లెక్కగా పెట్టుకుంటారు. ఆ తర్వాత పెరిగేదంతా బాండ్ల అప్పు తీర్చడానికి పోతుంది. కొత్త పన్ను వేయడం లేదు కదా అంటారు. నిజమే, వేయడం లేదు. కానీ ఆ గీత లోపల ఓ రెస్టారెంట్ ఉందనుకోండి. ఈరోజు 16 డాలర్ల బిర్యానీ ఐదేళ్లకు 20 అవుతుంది, దాని మీద పన్నూ పెరుగుతుంది. ఆ పెరుగుదల స్టేడియం వల్ల వచ్చిందా? లేకపోయినా వచ్చేదే. మామూలుగా అయితే బడులకో రోడ్లకో వెళ్లాల్సిన డబ్బు అది.

స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుంది అనేవాళ్లకు కూడా ఒక మాట. దీని మీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా పరిశోధన చేశారు. ప్రభుత్వం పెట్టినంత తిరిగి రాదన్నదే దాదాపు అందరి మాట. మా ఇంటి సంగతే చూడండి. నలుగురం మ్యాచ్‌కి వెళ్తే ఆ నెల సినిమా ఉండదు, బయట భోజనం ఉండదు. ఈ జేబులోది ఆ జేబులోకి మారినట్టే. రెగ్యులర్ సీజన్‌లో సొంత ఊళ్లో ఆడేది ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు. పైకప్పు ఉంటే చలికాలంలోనూ కచేరీలు పెట్టుకోవచ్చు, కాదనను. దానికి 180 కోట్లు ఎక్కువ అంటున్నాను.

నా కోపం డబ్బు మీద కన్నా అడగకపోవడం మీదే. జాక్సన్ కౌంటీ వాళ్లను కనీసం అడిగారు. వాళ్లు వద్దంటే, అడగాల్సిన పని లేని చోటికి జట్టు వచ్చేసింది.

వద్దన్నవాళ్లకైనా విముక్తి ఉందా అంటే అదీ లేదు. 2006లో ఒప్పుకున్న పన్ను 2031 దాకా ఉంది. వెళ్లిపోతున్న జట్టు ఆడే స్టేడియం కోసం, అక్కడ చెప్పుల జత కొన్నా జాక్సన్ కౌంటీ జనం అప్పటిదాకా కడుతూనే ఉండాలి.